మంత్రి పాత్రకు మనిషి దొరకలేదు

శాలిబండ డివిజన్ పార్టీ అధ్యక్షులు జగదీశ్వర్ గారు మానసిక దివ్యాంగుల జీవితాల్లో వెలుగు నింపాలని ఒక మంగళవారం పొద్దున ఇడ్లీ తింటూ నిర్ణయించుకున్నారు. చేతులు కడుక్కునేలోగా ఫ్లెక్సీకి ఆర్డర్ వెళ్లింది. మధ్యాహ్నానికల్లా అది కమ్యూనిటీ హాలు ముందు వేలాడింది: ‘మానసిక దివ్యాంగుల మహా చైతన్య నాటక ప్రదర్శన. ముఖ్య అతిథి గౌరవనీయ మంత్రివర్యులు.’ దాని మీద ఇరవై మూడు ఫోటోలున్నాయి. ఇరవై మూడూ పార్టీవాళ్లవే.

సాయంత్రం ప్రెస్‌మీట్. ముగ్గురు విలేకరులు, ఆరు సమోసాలు.

“ఈ నాటకం పడ్డంక శాలిబండల దివ్యాంగుడనేటోడు కనవడడు!” అన్నారు జగదీశ్వర్ గారు బల్ల గుద్ది.

పక్కన కూర్చున్న ఉపాధ్యక్షుడు సామ్యూల్ మోచేత్తో పొడిచాడు.

“అంటే... కనవడతరు. గానీ బాధల్ల కనవడరు” అని సర్దుకున్నారు జగదీశ్వర్ గారు.

విలేకరులు రాసుకున్నారు. చైతన్యం మొదలైంది.

చైతన్యానికి ముందుగా కావలసింది రిహార్సల్ గది. కమ్యూనిటీ హాలు కింది భాగం పెళ్లిళ్లకీ బారసాలలకీ బుక్కయి ఉంటుంది. పైన మాత్రం ఒక గది ఉంది. ఆరేళ్లుగా స్వరూప టీచర్ అక్కడ తొమ్మిది మందికి మందుల దుకాణాలవాళ్లు వాడే కాగితం కవర్లు చేయడం నేర్పుతోంది. తొమ్మిది మందీ పెద్దవాళ్లే, తొమ్మిది మందీ ఎవరి గురించి నాటకం పడబోతోందో ఆ దివ్యాంగులే. జగదీశ్వర్ గారు మెట్లెక్కి వెళ్లి గదిని పరిశీలించారు. ఫ్యాను వేసి చూశారు. బాగా తిరిగింది.

“గది ఖాళీగనే ఉన్నది గద” అన్నారు.

తొమ్మిది మంది లేచి నిలబడి నమస్తే పెట్టారు.

“సార్, వీళ్లున్నరు” అంది స్వరూప టీచర్.

“వీళ్ల కోసమే గదమ్మా నాటకం! నాలుగు రోజులు ఇంట్ల ఉండమను. వీళ్ల గురించి నాటకం చెయ్యాల్నంటే వీళ్లు జర అడ్డం లేకుంట ఉండాలె.”

“మరి నాటకంలో వీళ్లకు పాత్రలు...”

“అరె, నువ్వు టీచరమ్మవు, నీకు చెప్పాల్నా? యాక్టింగ్ అంటే యాక్టర్లు చెయ్యాలె. వీళ్లే చేస్తే అది యాక్టింగ్ ఎట్లయితది? నాటకం సక్సెస్ అయితే మంత్రిగారు ఈ గదిని వీళ్లకు పర్మినెంట్ చేస్తరు. నాది జిమ్మేదారి.”

అక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. గది తాళంచెవి అక్షయ్ మెడలో ఉంది, ఎర్ర దారానికి. అక్షయ్‌కి ఇరవై ఆరేళ్లు. ఆరేళ్లుగా పొద్దున సరిగ్గా పదింటికి గది తెరిచేది అతనే. జగదీశ్వర్ గారు అడిగితే ఇవ్వలేదు. టీచర్ అడిగినా ఇవ్వలేదు. తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని, “పదింటికి తెరవాలె” అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

“వీడెవని మాట వింటడు?” అన్నారు జగదీశ్వర్ గారు.

“వాళ్ల మామ మాట” అన్నాడు సామ్యూల్.

ఆ మామ ఆగయ్య.

ఆగయ్య గొప్పతనం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన నొచ్చుకుంటాడు. చదివింది ఏడో తరగతి, అదీ రెండుసార్లు. అఫ్జల్‌గంజ్ నుంచి జహనుమా దాకా సిటీ బస్సులో ముప్పై ఏళ్లు కండక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆ ముప్పై ఏళ్లూ ఒక్కో స్టాపును ఒక్కో గొంతుతో అరిచాడు. శాలిబండ రాగానే ముసలమ్మ గొంతుతో “దిగుతున్న నాయనా, ఆపు నాయనా” అనేవాడు. డ్రైవరు ప్రతిసారీ ఆపేవాడు. రిటైరయ్యాక ఆ కళ వృథా పోకూడదని ఒకసారి మంత్రిగారి పీఏ గొంతుతో జగదీశ్వర్ గారికి ఫోన్ చేశాడు. జగదీశ్వర్ గారు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ జోడించి, కుర్చీలోంచి లేచి మాట్లాడారు. తర్వాత గజమాల పట్టుకుని చౌరస్తాలో రెండు గంటలు నిలబడ్డారు. ఆ మాల చివరికి ఒక పాల ఆటోకు వేసి ఇంటికెళ్లారు.

సంగతి తెలిశాక ఆయనకు కోపం రాలేదు. ఆయన నాయకుడు. “గిసుంటి గొంతు అవతలి పార్టీల ఉండొద్దు” అని, ఆగయ్యను పిలిపించి నాటకంలో హీరో వేషం ఇచ్చేశారు. హీరో పేరు చింటు. వయసు పన్నెండు. ఆగయ్యకు యాభై తొమ్మిది.

“మీసం తీస్తవా?” అని అడిగారు.

“మీసం తియ్య. నిక్కరు తొడుగుత” అన్నాడు ఆగయ్య. ఒప్పందం కుదిరింది.

హీరో హోదాలో ఆగయ్య చేసిన మొదటి పని మేనల్లుడి మెడలోంచి తాళంచెవి తీయడం.

“జర ఇయ్యి బిడ్డా. నాలుగు రోజులే.”

అక్షయ్ మామ మొహం చూశాడు. వేళ్లు ముడిచి నాలుగు లెక్కపెట్టాడు. దారం తల మీదుగా తీసి ఇచ్చేశాడు. మామ దాన్ని జగదీశ్వర్ గారికి ఇచ్చాడు. జగదీశ్వర్ గారు చప్పట్లు కొట్టారు. ఆగయ్య నటజీవితంలో ఇవి మొదటి చప్పట్లు. ఆయనకు బాగా నచ్చాయి.

పాత్రల పంపకం పార్టీ ఆఫీసులో జరిగింది. హీరో కాక దివ్యాంగుల పాత్రలు ఎనిమిది. మంత్రిగారు పాత్రధారులందరికీ తన చేత్తో శాలువా కప్పుతారని తెలియగానే లొల్లి మొదలైంది. యూత్ అధ్యక్షుడికి యాభై శాతం వైకల్యం పాత్ర ఇచ్చి, కోశాధికారికి డెబ్బై ఇచ్చారని యూత్ వింగ్ అంతా బయటికి వెళ్లిపోయింది. చివరికి పదవుల ప్రకారం శాతాలు నిర్ణయించారు. సామ్యూల్‌కు తొంభై. కార్యదర్శికి ఎనభై. ఆగయ్యకు పార్టీలో పదవి లేదు కాబట్టి, హీరో అయినా, ముప్పై తొమ్మిది. నలభై ఉంటే తప్ప పింఛను రాదని ఎవరో గుర్తుచేశారు. “హీరోకు పింఛనెందుకు?” అన్నారు జగదీశ్వర్ గారు.

రిహార్సళ్లు మొదలయ్యాయి. దర్శకుడు విశ్వేశ్వర్. ముప్పై ఏళ్లు దుర్యోధనుడి వేషం కట్టిన మనిషి. గద వదిలేశాడు గానీ నడక వదల్లేదు.

మొదటి రోజు ఆగయ్య తనకు తెలిసింది చేశాడు. వచ్చి కూర్చున్నాడు. కాగితం మడిచాడు, జిగురు రాశాడు, కవరు చేశాడు. వంద కాగానే కట్ట కట్టి, గుమ్మంలోకి ఎవరో వచ్చినట్టు తలెత్తి నవ్వి, నమస్తే పెట్టాడు. అచ్చం అక్షయ్.

“ఇగ యాక్టింగ్ షురూ చెయ్ ఆగయ్యా” అన్నాడు విశ్వేశ్వర్.

“చేస్తున్న గదనే! మా అల్లుడు గిట్లనే ఉంటడు.”

“ఉంటడేమో. గానీ జనానికి ఎట్ల తెలవాలె? నువ్వు మామూలు మనిషి లెక్క ఉన్నవ్. మెడ వంచు. ఇంక వంచు. నోరు తెరువు. సొంగ.”

“మావోడు సొంగ కార్చడన్నా.”

“వాడు కార్చకుంటే వాని ఇష్టం. చింటు కారుస్తడు.”

ఆగయ్య ఆత్మగౌరవం గట్టిది. అందరూ ఒకసారి చెప్పినా వంగలేదు, రెండోసారీ వంగలేదు. మూడోసారి ఊరికే తమాషాకి మెడ ఒక పక్కకు పడేసి, కన్ను మెల్ల చేసి, “అ... మ్... మా” అన్నాడు. గదంతా ఘొల్లుమంది. సామ్యూల్ నవ్వలేక కిందపడ్డాడు. విశ్వేశ్వర్ వచ్చి కౌగిలించుకున్నాడు. ఇక ఆ మెడను దేవుడు కూడా నిలబెట్టలేకపోయేవాడు.

ఇంట్లో అద్దం ముందు సాధన. వెనక గుమ్మంలో అక్షయ్ నిలబడి చూస్తున్నాడు. మామాఅల్లుళ్లవి ఎదురెదురు గదులే. మధ్యలో ఒక వాకిలి.

“మామా, మెడ నొప్పా?”

“లేదుర, యాక్టింగ్.”

అక్షయ్ వెళ్లి నొప్పుల మందు డబ్బా తెచ్చి, మామ మెడకు రాశాడు. సగం డబ్బా రాశాడు. ఆ రాత్రంతా ఆగయ్య కళ్లు మండుతూనే ఉన్నాయి. మందు ఘాటు అనుకున్నాడు.

నాలుగు రోజులు నలభై ఎట్లా అయ్యాయో చెప్పడం కష్టం కాదు. మొదట మంత్రిగారికి ఢిల్లీ పని పడింది. తర్వాత అసెంబ్లీ. తర్వాత బావమరిది గృహప్రవేశం. నాటకం వాయిదా పడ్డ ప్రతిసారీ ఫ్లెక్సీ మీద తేదీ చోట కొత్త కాగితం అంటించేవారు. ఆ నెలలో శాలిబండలో ఇంకేదీ అంత శ్రద్ధగా జరగలేదు.

అక్షయ్ మాత్రం రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు తల దువ్వుకుని, బ్యాగు వేసుకుని, మామ గుమ్మం ముందు నిలబడేవాడు.

“మామా, నాలుగు రోజులయినయా?”

ఆగయ్యకు నిజం చెప్పే అలవాటు లేదు. చిన్నప్పటినుంచీ లేదు. ఒకరోజు “గది ఊరికి పోయింది” అన్నాడు. ఇంకోరోజు “పక్కింటి పిల్లి తాళంచెవి మింగింది” అన్నాడు. అక్షయ్ మధ్యాహ్నం దాకా ఆ పిల్లి వెనక తిరిగాడు. వాడకట్టంతా నవ్వింది, ఆగయ్య అందరికన్నా ఎక్కువ నవ్వాడు. ఇరవయ్యో రోజో ఎప్పుడో, “తాళానికి జ్వరమొచ్చిందిర” అన్నాడు.

అక్షయ్ తలూపాడు. వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం రిహార్సల్‌కు మెట్లెక్కుతున్న ఆగయ్య గది తలుపు దగ్గర ఆగిపోయాడు. తాళానికి ఒక చిన్న కాగితం కవరు వేలాడుతోంది. అక్షయ్ చేసిన కవరే. అంచులు అంత నీటుగా ఇంకెవరూ మడవరు. విప్పి చూస్తే లోపల రెండు జ్వరం గోళీలున్నాయి.

ఆరోజు ఆగయ్య మెడ సరిగా వంగలేదని దర్శకుడు విసుక్కున్నాడు.

ఆగయ్య చెల్లెలు, అక్షయ్ తల్లి సక్కుబాయికి ఈ తమాషాలు వినే ఓపిక లేదు. ఆమె అఫ్జల్‌గంజ్‌లో సీతారాం సేఠ్ మసాలా దుకాణంలో లవంగాలూ యాలకులూ ఏరుతుంది. పిల్లి వెనక తిరిగిన మర్నాటి నుంచి కొడుకును వెంట తీసుకుపోతోంది. దుకాణానికి వచ్చిన ప్రతి గిరాకీకీ అక్షయ్ నమస్తే పెట్టి, “నాలుగు రోజులయినయా?” అని అడుగుతున్నాడు. బాకీ అడుగుతున్నారనుకుని గిరాకీలు వెనక్కి తిరిగిపోతున్నారు.

“సేఠ్ ఇయ్యాల సాఫ్ చెప్పిండన్నా” అంది సక్కుబాయి. “సోమవారం సంది ఒక్కదాన్నే వస్తే రమ్మన్నడు. లేకుంటే ఇంట్లనే ఉండమన్నడు. పన్నెండేండ్ల కొలువు. పోరన్ని ఇంట్ల బెట్టి తాళమెయ్యాల్నా? చెప్పు. నువ్వే చెప్పు, హీరోవు గద.”

“శనివారం నాటకం పక్కానట చెల్లె. మంత్రి వస్తడు, గది మనకు రాసిస్తడు. ఫికర్ చెయ్యకు.”

“నువ్వు ఫికర్ చెయ్యకు అన్నప్పుడల్ల నాకు గుండె దడ వస్తది” అంది సక్కుబాయి.

శనివారానికి మూడు రోజుల ముందు అసలు గండం బయటపడింది. చివరి సీన్లో ఒక మంత్రి పాత్ర ఉంది. చింటు వచ్చి మాకొక గది ఇప్పించండి అని కాళ్ల మీద పడతాడు. మంత్రి తాళంచెవి పైకెత్తి జనానికి చూపించి, “అర్జీ పెట్టుకోండి, పరిశీలిస్తాం. తర్వాతి వాళ్లు రండి” అని మళ్లీ జేబులో వేసుకుంటాడు. అప్పుడు నిజం మంత్రిగారు వేదిక మీదికి వచ్చి నిజం హామీ ఇస్తారు. రచన జగదీశ్వర్ గారిదే. తాళంచెవి స్టేజీ మీద ఇచ్చేస్తే మంత్రిగారికి ఇవ్వడానికి ఏముంటుందని ఆయన ముందుచూపు.

కాని మంత్రి పాత్రకు మనిషి దొరకలేదు.

“సామ్యూల్, నువ్వు చెయ్యి.”

“అన్నా, నాకు పెండ్లాం పిల్లలున్నరు.”

“నాటకమే గద!”

“మంత్రి ముందట మంత్రి కుర్సీల కూసుంటె, వీనికి నా కుర్సీ మీద కన్ను పడ్డది అనుకోడా? పోయినేడు మీటింగుల సార్ కుర్సీల చార్జర్ కోసం ఒకడు రెండు నిమిషాలు కూసున్నడు. వాడెక్కడున్నడో ఎవ్వరికన్న ఎరుకేనా?”

ఎవరికీ తెలియదు. అందరూ ఒక నిమిషం మౌనం పాటించారు. కార్యదర్శికి నడుం నొప్పి వచ్చింది. యూత్ అధ్యక్షుడికి చిన్న వయసు అడ్డం వచ్చింది, ముప్పై ఎనిమిదేళ్లే. దుర్యోధనుడు కూడా ఒప్పుకోలేదు. “సుయోధనుని సింహాసనం వేరు, మంత్రి కుర్సీ వేరు. ఆ కుర్సీకి నేను సరిపోనన్నా” అన్నాడు.

“రాజకీయ ఆశ లేని మనిషి ఈ శాలిబండల ఒక్కడన్న లేడా?” అని జగదీశ్వర్ గారు తల పట్టుకున్నారు.

“ఉన్నడు. మా అక్షయ్” అన్నాడు ఆగయ్య.

ఆయన తమాషాకే అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వడం ఆపేశారు.

“గానీ... దివ్యాంగులను నాటకంల తీసుకోవద్దని మనమే అనుకుంటిమి గద?” అన్నాడు సామ్యూల్.

“దివ్యాంగుల పాత్రలకు తీసుకోవద్దన్నం” అన్నారు జగదీశ్వర్ గారు నెమ్మదిగా. “మంత్రి పాత్రకు అనలే.”

అక్షయ్‌కి తెల్ల ఖద్దరు చొక్కా తొడిగారు. దర్శకుడు డైలాగు చెప్పాడు. కుడిచెయ్యి ఎట్లా ఎత్తాలో, ఎదుటివాడి మొహం వంక చూడకుండా నెత్తి మీదుగా ఎట్లా చూడాలో చూపించాడు. అక్షయ్ రెండోసారికే తప్పు లేకుండా చెప్పాడు. మిగతా ఎనిమిది మందికి నలభై రోజులైనా డైలాగులు రాలేదు. “పోరడు మంచిగున్నడు” అన్నాడు విశ్వేశ్వర్. “ఇసుంటోన్ని మొదలే తీసుకుంటే అయిపోతుండె.”

రిహార్సల్‌లో తాళంచెవి బదులు సామ్యూల్ స్కూటర్ తాళంచెవి వాడారు. అక్షయ్ ప్రతిసారీ దాన్ని తిప్పి చూసి, “ఇది కాదు” అనేవాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆగయ్య విన్నాడు.

శనివారం పదింటికి నాటకం అన్నారు. పదింటికి నటులందరూ మెడలు వంచుకుని తయారుగా ఉన్నారు. పన్నెండైంది. మంత్రిగారు రాలేదు. మెడలు అట్లాగే ఉన్నాయి, ఎందుకంటే ఏ క్షణంలోనైనా రావచ్చు. హాలు చివరి వరుసలో స్వరూప టీచరూ, ఆమె ఎనిమిది మందీ, పక్కన సక్కుబాయి. వాళ్లని ‘లబ్ధిదారులు’ అని రాసిన బోర్డు వెనక కూర్చోబెట్టారు. బోర్డు పెద్దది, వాళ్లకు స్టేజీ కనపడదు, స్టేజీకి వాళ్లు కనపడరు.

పన్నెండున్నరకు జగదీశ్వర్ గారు ఫోన్‌లో నడుం వంచి మాట్లాడుతూనే జేబులోంచి ఎర్ర దారం తాళంచెవి తీసి ఆగయ్యకు ఇచ్చారు. “పైన గదిల శాలువలున్నయ్, జల్ది పట్కరా.”

ఆగయ్య శాలువలు తెచ్చాడు. తిరిగి తాళం వేశాడు. జగదీశ్వర్ గారి చేతిలో తాళంచెవి పెట్టాడు. ఆయన “సార్, సార్, తప్పకుంట సార్” అంటూ చూడకుండా జేబులో వేసుకున్నారు. అది రిహార్సల్‌లో వాడిన సామ్యూల్ స్కూటర్‌ది. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న ఆగయ్య జీవితంలో ఎవరూ నవ్వకుండా చేసిన తమాషా ఇదొక్కటే.

ఒంటిగంటకు పీఏ ఫోన్. “సార్ వస్తున్నరు. సార్‌కు ఆరు నిమిషాలే టైం. వచ్చేసరికి క్లైమాక్స్ నడుస్తుండాలె.”

“క్లైమాక్స్! డైరెక్ట్ క్లైమాక్స్!” అని కేక వేశారు జగదీశ్వర్ గారు. తెర లేచింది.

సింహాసనం మీద మంత్రిగా అక్షయ్. కుర్చీ వెనక నిలబడ్డ పార్టీ గన్‌మెన్ వేషగాడు అలవాటు కొద్దీ సెల్యూట్ కొట్టాడు. అటూ ఇటూ మెడలు వంచిన ఎనిమిది మంది కార్యకర్తలు. నిక్కరూ మీసమూ ధరించిన పన్నెండేళ్ల చింటు దొర్లుకుంటూ వచ్చి కాళ్ల మీద పడ్డాడు.

“అ... య్యా! మా... కొక... గది!”

జనం నవ్వారు. చప్పట్లు కొట్టారు. పళ్లెంలో తాళంచెవి వచ్చింది. అక్షయ్ తీసుకుని, చెప్పినట్టే పైకెత్తాడు.

ఎర్ర దారం వేలాడింది.

అక్షయ్ చెయ్యి దించాడు. తాళంచెవిని తిప్పి చూశాడు. కాళ్ల దగ్గరున్న మామను చూశాడు.

“మామా, నాలుగు రోజులయినయా?”

దర్శకుడు పక్కనుంచి “అర్జీ, అర్జీ!” అని అందిస్తున్నాడు. ఆగయ్యకు డైలాగు లేదు. ముప్పై ఏళ్లు ఇన్ని గొంతులు పెట్టిన మనిషికి తన గొంతు ఎక్కడుందో వెతుక్కోవడానికి కొంచెం సేపు పట్టింది.

“అయినయ్ బిడ్డా. పో, తెరువు.”

అక్షయ్ దారం మెడలో వేసుకున్నాడు. స్టేజీ దిగి, నడవా మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్లాడు. తెల్ల ఖద్దరు చూసి ముందు వరుసలవాళ్లు లేచి నిలబడ్డారు. చివర బోర్డు వెనక నుంచి ఎనిమిది మంది లేచి అతని వెంట మెట్లెక్కారు. వాళ్ల వెనక టీచరు. పైన తాళం తీసిన చప్పుడైంది. ఫ్యాను తిరిగిన చప్పుడైంది.

ఆగయ్య లేచి మెడ సరిచేసుకోబోయాడు. అది రాలేదు. పట్టేసింది. ఇంకోసారి ప్రయత్నించాడు. ప్రాణం పోయినంత పనైంది.

సరిగ్గా అప్పుడు డప్పులు మోగాయి. మంత్రిగారు దిగారు.

“ఏది, నాటకమెక్కడ?” అన్నారు గడియారం చూసుకుంటూ.

స్టేజీ మీద మంత్రి లేడు. జగదీశ్వర్ గారి వేలు దానంతట అదే పైకి చూపించింది. “పై... పైన సార్.”

మంత్రిగారు పైకి వెళ్లారు. గదిలో తొమ్మిది మంది చాప మీద కూర్చుని కవర్లు చేస్తున్నారు. ఒకరు మడుస్తున్నారు, ఒకరు జిగురు రాస్తున్నారు, ఖద్దరు చొక్కా తొడుక్కున్నతను వందలు లెక్కపెట్టి కట్టలు కడుతున్నాడు. మంత్రిగారు గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు చూశారు. తలెత్తి అందరూ నమస్తే పెట్టారు.

“యాక్టర్లు మంచిగున్నరు” అన్నారు మంత్రిగారు. “మస్తు నేచురల్. గానీ జగదీశ్వర్, ఏమనుకోకు, దివ్యాంగుల్లెక్క కొడ్తలేరు. మరీ మామూలు మనుషుల్లెక్క చేస్తున్నరు. జర డోస్ పెంచుమను.”

“నేనూ అదే చెప్పిన సార్!” అన్నాడు విశ్వేశ్వర్.

కిందికి దిగగానే మంత్రిగారికి ఆగయ్య ఎదురయ్యాడు. నిక్కరు. మీసం. భుజానికి అంటుకున్న మెడ. నొప్పికి తెరుచుకున్న నోరు. మంత్రిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. కెమెరాలు వచ్చేదాకా ఆ నీళ్లు ఆగాయి.

“ఎన్నేండ్ల సంది గిట్ల?”

“నలభై దినాల సంది సార్.”

“పాపం, లెక్క కూడ తెలుస్తలేదు” అని మంత్రిగారు తనే శాలువా కప్పారు. అక్కడికక్కడే ఒక మూడు చక్రాల బండి మంజూరు చేశారు. మెడ వంచిన మిగతా ఎనిమిది మందికీ తలా ఒక దుప్పటి. వద్దంటే మంత్రిగారి మాట కాదన్నట్టవుతుందని సామ్యూల్ రెండు చేతులా తీసుకున్నాడు, మెడ ఇంకొంచెం వంచి.

“జగదీశ్వర్, ఆ నాటకమోళ్లను పంపిచ్చి పై గదికి తాళమెయ్యి” అన్నారు మంత్రిగారు కారెక్కుతూ. “ఈ అసలు పిల్లలకు మంచి ముహూర్తం చూసి నేనే వచ్చి ఓపెనింగ్ చేస్త.”

ఆరు నిమిషాలు పూర్తయ్యాయి. కారు వెళ్లిపోయింది.

సక్కుబాయి పైకి ఒకసారి చూసింది. కిటికీలోంచి ఫ్యాను తిరుగుతూ కనిపించింది. కొంగు సర్దుకుని, పూట జీతమైనా దక్కుతుందని షేర్ ఆటో ఎక్కి అఫ్జల్‌గంజ్ వెళ్లింది. ఒక్కతే వెళ్లింది.

జగదీశ్వర్ గారు మంత్రి ఆజ్ఞ అమలుచేయడానికి జేబులో చెయ్యి పెట్టారు. స్కూటర్ తాళంచెవి వచ్చింది. దాన్ని కాసేపు చూశారు. మెట్లెక్కారు. వెనకే ఆగయ్య, మూడు మెట్లకొకసారి ‘అబ్బా’ అంటూ.

అక్షయ్ తొంభై ఏడు దగ్గరున్నాడు. ఎర్ర దారం ఖద్దరు చొక్కా మీద వేలాడుతోంది.

“బేటా అక్షయ్, ఆ తాళంచెవి ఇయ్యి” అన్నారు జగదీశ్వర్ గారు.

తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద. అక్షయ్ కట్ట కట్టి పక్కన పెట్టాడు. లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి ఎత్తాడు. జగదీశ్వర్ గారి మొహం వంక చూడకుండా, నెత్తి మీదుగా గోడకేసి చూశాడు.

“అర్జీ పెట్టుకోండి. పరిశీలిస్తాం.”

జగదీశ్వర్ గారి చేతులు జోడించుకున్నాయి. ఆయన జోడించలేదు, అవే జోడించుకున్నాయి. “చిత్తం సార్” అన్న మాట కూడా బయటికి వచ్చేసింది. రెండడుగులు వెనక్కి, వీపు చూపించకుండా, వేశారు.

“తర్వాతి వాళ్లు రండి” అన్నాడు అక్షయ్.

గుమ్మం దగ్గర ఆగయ్య ఒక కాగితం కవరు చింపి వెనక్కి తిప్పి, గోడకు ఆనించి పట్టుకున్నాడు. నిక్కరు జేబులోంచి పెన్ను తీశాడు. మెడ పక్కకే ఉంది కాబట్టి జగదీశ్వర్ గారి వంక చూడటానికి ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది.

“పేరు రాయన్నా. కింద ఫోన్ నంబర్ రాయి” అన్నాడు. “నాలుగు రోజులల్ల చెప్తరు.”

జగదీశ్వర్ గారు పెన్ను తీసుకున్నారు.